మౌలాబీ నిశితంగా చూసిన సంగతి

వనపర్తిలో సంస్థానం ఇంకా నడుస్తున్న రోజుల్లో మౌలాబీ ఊరూరా తిరిగి గాజులమ్మేది. పొద్దున్నే మలారం భుజాన వేసుకుని బయల్దేరేది. తాళ్లకు గుచ్చిన గాజుల దండలన్నీ కలిపి కట్టిన మోపునే మలారం అంటారు. ఆమె నడుస్తుంటే అది గలగలమంటూ ఆమెకంటే ముందే ఊళ్లోకి చేరేది. శ్రీరంగాపూర్ దాటి, చెరువు పక్కనుంచి దిగితే ఎర్రమడుగు అనే పల్లె వస్తుంది. ఆమె బేరం ఎక్కువగా ఆ పల్లెలోనే.

మౌలాబీకి చేతికందేంత దూరం దాటితే ఏదీ సరిగ్గా కనపడదు. లోకమంతా తడిగుడ్డతో తుడిచిన పలకలాగ ఉండేది. చిన్నప్పటినుంచీ అంతే కాబట్టి లోకమే అట్లా ఉంటుందని ఆమె అనుకుంది. మనుషులను గొంతుబట్టి, నడకబట్టి, చీర రంగుబట్టి, కొంతవరకు వాసనబట్టి గుర్తుపట్టేది. అందరూ అంతేననుకుంది. ఒకసారి వనపర్తిలో గొంగడి ఆరవేసిన గుంజను చూసి, తాసిల్దారనుకుని ఆగి సలాం చేసింది. గుంజ ఏమీ అనలేదు. తాసిల్దార్లు కూడా ఏమీ అనరు కాబట్టి ఆమెకు అనుమానం రాలేదు.

ఆమె మొగుడు కరీం కత్తులు, కత్తెరలు, కొడవళ్లు సానపట్టేవాడు. మంచివాడే కానీ ఏదడిగినా జవాబు చెప్పడని మౌలాబీకి ఎప్పుడూ ఉండే బాధ. అన్నం పెట్టాలా అని పొయ్యి దగ్గరినుంచి అడిగితే అవతలి గోడ దగ్గర కూర్చున్న కరీం పలకడు. కాసేపు చూసి తానే పెట్టేసేది. అతను తినేసేవాడు. వాళ్ల సంసారం అట్లా సాగుతూ వచ్చింది.

దగ్గరి వస్తువులు మాత్రం ఆమెకు బాగా కనపడేవి. ఆడవాళ్ల ముందు గొంతుకూర్చుని, చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, వేళ్లు మెత్తబడేదాకా పిసికి గాజు ఎక్కించేది. ఎక్కించాక ఎవరి చేతికి వేసిందో తెలుసుకోవడానికి తల ముందుకు చాచి, కళ్లు చికిలించి, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరగా మొహంలోకి చూసేది. చెయ్యి ఆమె చేతుల్లో ఉంది కాబట్టి అవతలి మనిషి లేచిపోవడానికి వీలుండదు. కాసేపు ఓర్చుకుని, ఆ తరువాత ఏదో ఒకటి చెప్పేసేవాళ్లు. అత్త సంగతి, తోడికోడలి సంగతి, నెల తప్పిన సంగతి. మౌలాబీ అన్నీ విని, అవునమ్మా అనేసి మలారం ఎత్తుకునేది. ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో చెప్పేది కాదు. మంచితనం కొంత. ఏ మాట ఏ మొహం చెప్పిందో సరిగ్గా గుర్తుండకపోవడం కొంత.

ఎర్రమడుగులో వెంకటన్న పంతులు తన ఇంటి అరుగు మీద బడి నడిపేవాడు. సర్కారు కచేరీలో ఉర్దూ, సంతలో ఊరి మాట నడుస్తుంటే మంచి తెలుగు అనాథ అయిపోయిందని ఆయన దిగులు. అందుకని రోజుకొక మంచి మాటను ఎక్కడో ఒకచోట వాడి చూసేవాడు. ఒకనాడు మౌలాబీ ఆయన భార్యకు గాజులు తొడిగి ఆమె మొహంలోకి వంగి చూస్తుండగా, పంతులు అరుగు మీదినుంచి చూసి, "ఈమె మనిషిని నిశితంగా చూచును" అన్నాడు.

మౌలాబీ పోయాక ఆయన భార్య, ఆ మాటకు అర్థమేమిటని అడిగింది. అడగకుండా ఉండాల్సింది. పంతులు పిల్లలను ఇంటికి పంపేసి మరీ చెప్పాడు. నిశితం అంటే నూరినది, సానబెట్టినది, పదునైనది. నూరిన కత్తి పండులోకి దిగినట్లు చూపు మనిషి లోపలికి దిగితే నిశితంగా చూడటం అంటారు. ఆ మాటను ఏ పనికి పడితే ఆ పనికి అంటించకూడదు. నిశితంగా పరిశీలించవచ్చు, నిశితంగా ఆలోచించవచ్చు, నిశితంగా విమర్శించవచ్చు. నిశితంగా కాళ్లు కడుక్కోవడం కుదరదు. నిశితంగా నిద్రపోవడం అసలే కుదరదు.

పంతులు భార్య ఈ సంగతి బావి దగ్గర చెప్పింది. నూరినది అన్న ముక్క అందరికీ బాగా అర్థమైంది. మిగతా నియమాలు నీళ్లు తోడేటప్పుడు పోయినట్లున్నాయి. వారం తిరిగేసరికి ఆ మాట పల్లె నోట్లో నలిగి నిస్తంగ అయింది. పచ్చిమిరపకాయ తొక్కు నిస్తంగ నూరిందని ఒక కోడలికి మెప్పు దక్కింది. పంతులు విని తల పట్టుకున్నాడు. నిశితమంటే నూరినదేనని తానే చెప్పాడు కనుక, తప్పని అనడానికి ఆయనకు నోరు రాలేదు.

మౌలాబీ విషయంలో మాత్రం మాట అసలు అర్థంలోనే నిలబడింది. మౌలమ్మ నిస్తంగ చూస్తది, కడుపులున్నది కనవడతది అని చెప్పుకున్నారు. ఆ మాట చివరికి ఆమె చెవిన కూడా పడింది. ఇంటికి పోయి, పొయ్యి దగ్గరినుంచి కరీంను అడిగింది. సానపట్టడం నీకు తెలుసు కదా, నా చూపు అట్లా ఉంటుందా అని. అవతలి గోడ దగ్గరినుంచి జవాబు రాలేదు.

జొన్నకోతలప్పుడు ఎర్రమడుగు పటేలు భీమయ్య ఇంట్లో పెద్దకోడలు ఇందిరమ్మ గుండ్లపేరు కనపడకుండా పోయింది. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారు గుండ్ల దండ అది. ఇల్లంతా వెతికారు. గడ్డివాము కూడా కదిలించారు. అనుమానం సత్తెమ్మ మీదికి పోయింది. సత్తెమ్మ కొట్టంలో పేడ తీసి వాకిలి ఊడ్చే మనిషి. ఆమె మొగుడు ఇస్రాయేలు పటేలు పొలంలోనే పని చేసేవాడు. సత్తెమ్మకు ఆ ఇంటి గడప దాటే వీల్లేదు, ఏనాడూ దాటలేదు. గుండ్లపేరు ఉన్నది లోపలి గదిలో, సందుక పెట్టెలో. అయినా అనుమానం ఆమె మీదికే ఎందుకు పోయిందని అక్కడ ఎవరూ అడగలేదు.

సత్తెమ్మ తీయలేదని చెప్పింది. పటేలు భార్య బాలనాగమ్మ ఆ మాట నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. పోలీసు పటేలును పిలిపించాలని భీమయ్య అంటే వద్దంది. సంగతి కొన్నాళ్లు నానితే అదే తేలుతుందంది. ఇందిరమ్మ మాత్రం అన్నం మానేసింది. మౌలమ్మతో చూపిద్దామన్న మాట పుట్టింది ఆమె దగ్గరే.

మౌలాబీ ఊళ్లోకి రాగానే పిలుచుకుపోయారు. సంగతి విని ఆమె వెనక్కి తిరగబోయింది. గాజులమ్మేదాన్ని, నాకేం తెలుస్తుందని తప్పించుకోబోయింది. తెలుసు కాబట్టే అట్లా అంటుందనుకున్నారు. మలారం దింపించారు.

"అందరిని జర చూడు మౌలమ్మ. నీకు తెలుస్తది," అంది ఇందిరమ్మ.

మౌలాబీ మనసులో ఒక ఏర్పాటు చేసుకుంది. వరసగా అందరినీ చూడాలి. ఎవరిలోనూ ఏమీ కనపడలేదని చెప్పాలి. ముఖ్యంగా సత్తెమ్మను అందరికంటే ఎక్కువసేపు చూసి, ఈ పిల్ల దగ్గర ఏమీ లేదని గట్టిగా చెప్పాలి. సత్తెమ్మ తీయలేదని ఆమెకు నమ్మకం. ఆ చేతులకు ఎన్నోసార్లు గాజులు తొడిగింది. దీనికి చూపుతో పని లేదు.

వసారాలో ఆడవాళ్లను నిలబెట్టారు. భీమయ్య మంచం మీద కూర్చుని చుట్ట ముట్టించాడు. సత్తెమ్మను చివర నిలబెట్టామని ఎవరో చెప్పారు. అది నిజమే. కానీ ఆమె వసారా ఎక్కే మనిషి కాదు కనుక, కింద వాకిట్లో కొట్టం దగ్గర నిలబడింది. మౌలాబీ చూపు అంత దూరం పోదు. ఆమెకు వసారా మీది రంగుల మరకలే వరసగా అగుపించాయి.

మొదట చిన్నకోడలు. మౌలాబీ వంగి, కళ్లు చికిలించి, మొహంలో మొహం పెట్టి చూసింది. చిన్నకోడలు కొంతసేపు నిలబడింది. ఆ తరువాత, కలుపు తీసే రోజుల్లో తనకు జ్వరం రాలేదని, ఊరికే పడుకున్నానని చెప్పేసింది. ఎవరూ ఆ సంగతి అడగలేదు. తరువాత నీళ్లు మోసే పెంటమ్మ. ఇన్నాళ్లూ పిల్లి తాగిందనుకున్న పాలలో కొంత పిల్లి తాగలేదని ఆమె ఒప్పుకుంది. ఇందిరమ్మ తానే చూడమన్నది కాబట్టి ధైర్యంగా నిలబడింది. చూపు మీదికి రాగానే, మామను చాటుగా ఏమని పిలుస్తుందో చెప్పి ఏడ్చింది. భీమయ్య చుట్ట ఆరిపోయింది. మళ్లీ ముట్టించుకున్నాడు. గుండ్లపేరు సంగతి ఎవరూ చెప్పలేదు.

మిగిలింది చివరి మనిషి. గుంజకు ఆనుకుని ఉంది. సత్తెమ్మే అనుకుని మౌలాబీ దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది. ముందే అనుకున్నట్టు ఎక్కువసేపు చూడటం మొదలుపెట్టింది. కానీ ఏదో సరిపోలేదు. సత్తెమ్మ దగ్గర గడ్డివాసన రావాలి. ఇక్కడ పసుపు, వక్కాకు వాసన వస్తోంది. సత్తెమ్మ అరచెయ్యి గరుకుగా ఉండాలి. ఇది మెత్తగా ఉంది. ఎవరబ్బా అని మౌలాబీ మరింత వంగింది. కళ్లను ఇంకా చికిలించింది. ఒక చెంప చూసి, రెండో చెంప చూసింది. ఆ చెయ్యి చల్లబడటం ఆమెకు తెలిసింది.

"ఇడువు మౌలమ్మ. చెప్త," అంది ఆ మనిషి.

గొంతు వినగానే మౌలాబీ చెయ్యి వదిలేసింది. అది బాలనాగమ్మ. ఇంటి యజమానురాలు. వరసను చక్కదిద్దడానికి వచ్చి ఆ చివర ఆగిందట.

బాలనాగమ్మ నేల చూస్తూ చెప్పింది. "నేనే తీసిన. ఒక్కసారి ఏస్కొని చూసుకుందామని తీసిన. దారం తెగింది."

అందరూ పొలానికి పోయిన నాడు కోడలి సందుక తెరిచి, గుండ్లపేరు మెడలో వేసుకుని అద్దంలో చూసుకుంది. తీయబోతే దారం తెగి గుండ్లన్నీ గదిలో దొర్లాయి. ఏరి, చింతపండు కుండలో దాచింది. తానే గుచ్చి పెడదామనుకుంటుండగానే ఇందిరమ్మ గోల మొదలైంది. ఈ వయసులో కోడలి నగ వేసుకుని అద్దం చూసుకున్నానని నలుగురిలో చెప్పలేకపోయింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగా సత్తెమ్మ పేరు వచ్చింది. ఆ తరువాత చెప్పడం ఇంకా కష్టమైంది.

పెంటమ్మ లోపలికి పోయి కుండ తెచ్చింది. గుండ్లు చింతపండులోనే ఉన్నాయి. కడిగితే ముందుకంటే ఎక్కువ మెరిశాయని ఆ పల్లెలో చాలాకాలం చెప్పుకున్నారు.

ఇంటికి పోయిన మౌలాబీ మొట్టమొదటిసారి కరీం పక్కనే కూర్చుని, జరిగిందంతా చెప్పింది. సత్తెమ్మ అనుకుని బాలనాగమ్మను పట్టుకున్న సంగతి కూడా చెప్పింది. కరీం సాన ఆపాడు.

"ఆ గోడ మీద పిల్లి కూసున్నది. ఏ రంగున్నది?" అని అడిగాడు.

"ఏ గోడ?" అంది మౌలాబీ.

కరీం మళ్లీ సాన తిప్పలేదు. గోడ ఎక్కడుందో చెప్పాడు, దాని మీది పిల్లి రంగు కూడా చెప్పాడు. అందరికీ గోడలు కనపడతాయనీ, దాని మీది పిల్లులు కూడా కనపడతాయనీ మౌలాబీకి ఆ పూట తెలిసింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఇన్నాళ్లూ అందరూ ఈ సంగతి తనకెందుకు చెప్పలేదా అని మాత్రం కోపం వచ్చింది.

అప్పటినుంచి ఆమె పేరు పెరిగి బేరం తగ్గింది. పటేలు భార్య నోటినుంచే నిజం లాగిన మనిషి ముందు చెయ్యి చాపడానికి ఎవరికి ధైర్యముంటుంది? మలారం గలగల వినపడగానే తలుపులు మూసుకునేవి. గాజులు కావాలనుకున్నవాళ్లు పిల్లల చేత కొలత పంపేవాళ్లు. ఆ పిల్లలు కొలత గాజు తెచ్చి అదే సైజువి తీసుకుపోయేవాళ్లు. ఎర్రమడుగులో ఏమీ దాచుకోనివాళ్లు పాకే పిల్లలు తప్ప లేరని ఆమెకు తెలిసొచ్చింది. వాళ్లు గాజులు పగలగొడతారు. తనకు కళ్లు కనపడవని మౌలాబీ కొందరితో చెప్పి చూసింది. అంత పదునైన చూపున్న మనిషి అట్లా దాచుకోవడమే తెలివని వాళ్లు మెచ్చుకున్నారు.

శ్రీరంగాపూర్ రంగనాయక స్వామి జాతర వచ్చినప్పుడు కరీం, నువ్వు కూడా రావాలని ఆమెతో అన్నాడు. జాతరలో ఒకడు తడక మీద కండ్లద్దాలు పరిచి అమ్ముతున్నాడు. కరీం అతని ముందు మౌలాబీని కూర్చోబెట్టి, ఒక్కొక్క జత పెట్టి చూపించాడు. ఒకటి పెడితే నేల పైకి లేచింది. ఇంకోటి పెడితే తల తిరిగింది. ఒక జత పెట్టినప్పుడు మాత్రం మౌలాబీ చెరువు వైపు తిరిగింది.

చెరువు అవతల గోపురం ఉంది. ఆమె ఎన్నో ఏళ్లుగా దాని పక్కనుంచే పోతూ, దాన్ని మబ్బు అనుకునేది. జనం మొహాలున్నాయి, మొహాల మీద ముక్కులున్నాయి. ఇంత దూరంనుంచి ముక్కులు కనపడటం ఆమెకు కొంచెం అతిగా తోచింది. అద్దాలవాడు వేరే బేరానికి లేచిపోయాడు. కరీం కొంచెం ఎడంగా నిలబడి ఉన్నాడు.

"మంచిగున్నయా నాకు?" అని అడిగింది.

కరీం తలూపాడు.

మౌలాబీ అట్లాగే చూస్తూ ఉండిపోయింది. ఇంకోటి అడిగింది. ఇంటికి పోదామా అని. కరీం మళ్లీ తలూపాడు. పెళ్లయిన నాటినుంచి అతను జవాబు చెబుతూనే ఉన్నాడు. పొయ్యి దగ్గరినుంచి ఆమెకు కనపడలేదు, అంతే. దారి పొడవునా ఆమె ఏవేవో అడుగుతూ నడిచింది. అతను ప్రతిదానికీ తల ఊపాడో, అడ్డంగా తిప్పాడో చేశాడు. వనపర్తి చేరేసరికి అతని మెడ నొప్పి పెట్టి ఉండాలి.

అద్దాలు పెట్టుకుని ఎర్రమడుగుకు పోయిన రోజు, మలారం చప్పుడుకు తలుపులు మూసుకున్నాయి. సందుల్లోంచి చూసినవాళ్లు మళ్లీ తెరిచారు. పాపం మౌలమ్మకు కండ్లు కనపడవట అన్న మాట ఇంటింటికీ పోయింది. మధ్యాహ్నానికి చేతులు ముందుకొచ్చాయి. జాలి పడటం వాళ్లకు భయపడటం కంటే సుఖంగా ఉంది. వెంకటన్న పంతులు ఒక్కడే ఒప్పుకోలేదు. మాట తాను సరిగ్గానే వాడాననీ, మనిషే ఆ మాటకు తగినట్లు లేకుండా పోయిందనీ అన్నాడు. ఊళ్లో మాత్రం, ముసలివాళ్లు సూదిలోకి దారం ఎక్కించలేక మొహం దగ్గర పెట్టుకుంటే నిస్తంగ చూస్తున్నారనడం మొదలైంది. పంతులు ఆ తరువాత మంచి మాటలను అరుగు దిగనివ్వలేదు.

బాలనాగమ్మ చాలారోజులకు పిలిచింది. చెయ్యి ఇచ్చి కూర్చుంది. పచ్చగాజులు తొడిగించుకుంది. చివరికి, ఆనాడు నిజంగా నన్ను గుర్తుపట్టలేదా అని అడిగింది. గుర్తుపట్టలేదమ్మా అని మౌలాబీ ఒప్పుకుంది. బాలనాగమ్మ చేతి గాజులను ముందుకూ వెనక్కీ జరిపింది. నోరు మూసుకుని నిలబడి ఉంటే సరిపోయేదన్నమాట అనుకున్నట్లు ఆమె మొహంలో కనపడింది. ఇప్పుడు అద్దాలున్నాయి కాబట్టి మౌలాబీకి అది స్పష్టంగానే కనపడింది. పైకి మాత్రం బాలనాగమ్మ గాజులు బాగున్నాయంది.

సత్తెమ్మకు ఆ ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పలేదు. గుండ్లు దొరికిన మరునాడు ఆమె ఎప్పటిలాగే వచ్చి కొట్టం ఊడ్చింది. ఎండలు ముదిరాక ఇస్రాయేలు ఊరు విడిచి మట్టిపనికి పోయే గుంపులో పేరు చెప్పుకుని వచ్చాడు. సత్తెమ్మ కూడా పోతానంది. పోయే ముందర మౌలాబీకి దారిలో ఎదురై, తట్టలెత్తే చేతులు, జల్దీ పగలని గాజులుంటే వేయమంది. ఇద్దరూ తోవ పక్కన వేపచెట్టు నీడలో కూర్చున్నారు. మౌలాబీ మందపాటి నల్లగాజులు ఏరి, చెయ్యి పిసకసాగింది.

"ఆ దినం నువ్వు నన్నే చూద్దామని పోయినవట?" అంది సత్తెమ్మ.

"అవ్ బిడ్డ. నిన్నే అనుకున్న."

"నన్నే చూసుంటె ఏమంటుంటివి?"

"ఈ పిల్ల తియ్యలేదని అంటుంటి. అల్లా కసం. ముందే అనుకొని పోయిన."

సత్తెమ్మ గాజును మణికట్టు మీద తిప్పి చూసుకుంది.

"గట్లంటె వాళ్లు నమ్ముతుండిరా?"

మౌలాబీ తల ఎత్తి చూసింది. సత్తెమ్మ మొహం కోపంగా లేదు. తెలియని సంగతి అడిగినట్లే ఉంది. మౌలాబీ రెండో చెయ్యి ఇమ్మంది. ఆ చేతికి కూడా గాజులు ఎక్కించి, ఊరికే తీసుకొమ్మంది. సత్తెమ్మ ఒప్పుకోలేదు. కొంగున కట్టుకున్న జొన్నలు పోసి, తట్ట నెత్తిన పెట్టుకుని గుంపు వెనకాల నడిచింది. ఆ గుంపు మలుపు తిరిగేదాకా మౌలాబీకి ఒక్కొక్కరూ విడివిడిగా కనపడుతూనే ఉన్నారు.